గ్లోరియాకు దొరకని మూడో బిడ్డ

"కూసునే పిల్లలకే ఈడ. కూసోరానోళ్ల గుడ్డు ఇంటికి పంపుతం, తీస్కపో" అంటూ అంగన్‌వాడీ ఆయమ్మ జమున గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టింది.

ఎదురుగా మా పక్క క్వార్టరు గ్లోరియా. ఆమె భుజం మీద మూడేళ్లు నిండిన ఆడపిల్ల. ఆ పిల్లకు మెడ నిలుస్తుంది గాని నడుము నిలవదు. ఎక్కడ దింపితే అక్కడ తడిబట్టలా జారిపోతుంది. వెనకాల పిల్ల తల్లి, కొంగు నోట్లో కుక్కుకొని నిలబడింది. గోదావరిఖనిలో మా కాలనీ అంగన్‌వాడీ మా క్వార్టర్ల వరుసకు వెనకే ఉంటుంది. లొల్లి వినపడితే నేను పొయ్యి మీద పాలు వదిలేసైనా వెళ్తాను. ఆ రోజూ వెళ్లాను. పాలు పొంగిపోయాయి కూడా.

"గుడ్డు కూసున్నోళ్లకా ఆయమ్మా, ఆకలైనోళ్లకా?" అంది గ్లోరియా.

"ఎదురు మాట్లాడకు. పడి తలకాయ పలిగితే ఎవలది జిమ్మేదారి?"

"పడకుంటె?"

"పడకుంటె ఏంది? దానికి నడుమే లేకపాయె!"

"నడుమున్నది. నేర్పలేదు, గంతే."

"నేర్పు పో. మీ ఇంట్ల నేర్పు."

అక్కడున్న తల్లులందరూ జమున వైపే. ఒకామె అయితే, మా పిల్లలు చూసి జడుసుకుంటరు అని కూడా అనేసింది. గ్లోరియా పిల్లను తల్లి చేతిలో పెట్టి చకచకా నడిచి వెళ్లిపోయింది. జమున నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేసింది, గెలిచానన్నట్టు.

కాసేపటికి గ్లోరియా తిరిగి వచ్చింది, పంక్చర్ దుకాణం నుంచి పాత ఆటో టైరు దొర్లించుకుంటూ. నల్లా కింద పెట్టి దాన్ని కడిగింది. తన చున్నీ తీసి చుట్టూ చుట్టింది. జమున చెయ్యి కిందుగా దూరి లోపలికి వెళ్లి, మూలన గోడకానించి పెట్టి, టైరు నడుమ పిల్లను కూర్చోబెట్టింది. ఎదురుగా పళ్లెంలో గుడ్డు పెట్టింది.

పిల్ల కుడికి ఒరిగింది, టైరు ఆపింది. ఎడమకు ఒరిగింది, టైరు ఆపింది. అందరం చూస్తూ ఉన్నాం. చాలాసేపు పట్టింది. చివరికి ఆ పిల్ల చెయ్యి లేచి, వణుక్కుంటూ ముందుకు వచ్చి, గుడ్డును తాకింది. గుడ్డు దొర్లింది. పిల్ల కిలకిలా నవ్వింది.

"కూసున్నది గద ఆయమ్మా" అంది గ్లోరియా. "ఇగ గింత ఉప్పు ఎయ్యి."

జమున ఉప్పు కోసం లోపలికి వెళ్లింది. బయటికి వస్తూ నేను, "నీ నోరు నా నోరసొంటిదేనే పిల్లా" అన్నాను. "నోరు కాదవ్వా, టైరు" అంది.

ఇది జరిగి మూడేళ్లవుతోంది. టైరు ఇంకా అక్కడే ఉంది. గ్లోరియా పేరు పక్కన ఉండాల్సిన పెద్ద చదువు పట్టా మాత్రం లేదు. ఎందుకు లేదో చెప్పడానికి నేనే సాక్షిని, నేనే ముద్దాయిని. మొన్నటిదాకా మా ఇంట్లో నేను ఆమె పేరు ఎత్తకూడదని ఒక షరతు ఉండేది. ఆ గడువు ఈ నెలతో తీరింది గనుక రాస్తున్నాను.

గ్లోరియా తండ్రి సామ్యేలూ, మా ఆయనా ఒకే బావిలో బొగ్గు కొట్టిన వాళ్లు. రెండు క్వార్టర్లకు నడుమ గోడ ఒక్కటే. వాళ్లు తాలింపు పెడితే నాకు తుమ్ము, నేను తిడితే వాళ్లకు వినికిడి. గ్లోరియా తల్లి సుగుణమణి నన్ను పెద్దమ్మా అంటుంది. వాళ్లకు ఇద్దరు పిల్లలు. పెద్దది గ్లోరియా. చిన్నవాడు శాంతిరాజ్ పుట్టుచెవిటి, మాట కూడా లేదు. ఇప్పుడు రామగుండం దారిలో వెల్డింగు షాపులో పని చేస్తాడు. వాడికి చెవుడని ఐదో ఏట గాని తెలియలేదు. తెలిశాక హైదరాబాదు తీసుకెళ్తే, ఏడాది లోపల తెచ్చుంటే చెవికి మిషన్ పెట్టి మాట నేర్పేవాళ్లం, ఇప్పుడు ఆలస్యమైంది అన్నారట డాక్టర్లు. ఆ మాట అన్నప్పుడు గ్లోరియా తల్లి కొంగు పట్టుకొని అక్కడే ఉంది. ఎనిమిదేళ్ల పిల్ల.

ఆ పిల్ల ఆ మాటనే చదువు చేసుకుంది. డిగ్రీ అయ్యాక, సికింద్రాబాదులో ఒక కాలేజీలో చేరింది. పసిపిల్లల్లో చూపు గాని, చెవి గాని, నడుము గాని, మాట గాని ఎక్కడ వెనకబడిందో ముందే పట్టుకొని, ఇంట్లో తల్లి చేతే ఆటలాగా నేర్పించే చదువట అది. నాకు వినగానే నవ్వొచ్చింది.

"చంటిపోరగాండ్లతోని ఆడుకునుడుకు గూడ కాలేజీలున్నయానే?"

"ఉన్నయవ్వా. పరీక్షలు గూడ ఉన్నయ్. ఫేలయ్యేటోళ్లు గూడ ఉన్నరు."

ఆమె దగ్గర ఒక సంచి ఉండేది. అందులో ఎర్ర బంతి, చిన్న అద్దం, కందిపప్పు పోసిన ప్లాస్టిక్ సీసా, స్టీలు గ్లాసు, చెంచా. ఇదేనా ఇన్ని ఏండ్ల చదువు అనుకునేదాన్ని. వారానికి రెండుసార్లు తెల్లవారి రైలుకు వెళ్లి చీకటిపడ్డాక వచ్చేది. మిగతా రోజులు పిల్లలున్న ఇళ్ల చుట్టూ తిరిగేది.

ఆ చదువులో ముగ్గురు పిల్లల లెక్క ఉంది. ముగ్గురు పిల్లల్ని ఆమే వెతుక్కోవాలి, తల్లిదండ్రుల సంతకం తెచ్చుకోవాలి, ఒక్కొక్కరితో ఆరేసి నెలలు వాళ్ల ఇంట్లో పని చేసి చూపించాలి. అప్పుడే పట్టా. మొదటిది టైరు పిల్ల. రెండోవాడు రామకృష్ణాపూర్‌లో చూపు ఆనని పిల్లవాడు. మూడోవాడు మంచిర్యాల దగ్గరి జైపూర్‌లో దొరికాడు. నాలుగు నెలలు నడిచింది. ఐదో నెలలో ఆ ఇంటివాళ్లు, పెద్దపిల్లకు సంబంధాలు చూస్తున్నం, మా ఇంటికి ఇట్ల వచ్చిపోతే నలుగురికి తెలుస్తది, ఇగ రావద్దు అన్నారు. ఆ నాలుగు నెలలూ లెక్కలోకి రాలేదు. ఏడాది పోయింది.

కాలేజీవాళ్లు ఇంకొక్క ఏడాది ఇచ్చారు. ఈసారి రెండేళ్లలోపు బిడ్డే కావాలి, నవంబరు మొదటి శనివారం సాయంత్రం ఐదింటి లోపల తల్లిదండ్రుల సంతకమున్న ఆ బిడ్డ కాగితం ఫోనులోనైనా అందాలి. అందకపోతే పేరు కొట్టేస్తారు. మూడోసారి అన్నది లేదు.

ఆ అక్టోబరంతా ఆమె కాళ్లకు చెప్పులు ఊడలేదు. ముసలిదాన్ని వెంటేసుకుంటే తలుపులు తెరుస్తారని ఒక రోజు నన్నూ తీసుకెళ్లింది, గోదావరి దాటి మంచిర్యాలకు. ఒక ఆఫీసరు గారి ఇల్లు. ఇంటావిడ బాలాత్రిపురసుందరి గారు, కోస్తా వాళ్లు. కాఫీ ఇచ్చారు, జంతికలు పెట్టారు. ఆమె మనవడికి ఏడాదిన్నర. పేరు పెట్టి పిలిస్తే చూడడు, బొమ్మకారు తిరగేసి చక్రమే తిప్పుతూ కూర్చుంటాడు. గ్లోరియా వాడి పక్కన నేలమీద కూర్చుని తనూ ఒక చక్రం తిప్పింది. వాడు ఒక్కసారి ఆమె వేలి వైపు చూశాడు. ఆమె ముఖం వెలిగింది.

"చూశారా అమ్మా, నా చెయ్యి చూసిండు" అంది.

బాలాత్రిపురసుందరి గారు మనవణ్ని ఎత్తుకుని లోపలి గదిలో పెట్టి తలుపు వేసి వచ్చారు. "మావాడికి అలాంటివేమీ లేవండీ. వాళ్ల తాతగారు కూడా నాలుగేళ్లకు గాని మాట్లాడలేదు. మీరు ఇంకెక్కడైనా చూసుకోండి. జంతికలు తినండి, పెద్దావిడా" అన్నారు.

బస్సులో గ్లోరియా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. "జంతికలు మంచిగున్నయే" అన్నాను, ఏదో ఒకటి అనాలి గదా. "తినక తప్పలేదు గదా అవ్వా నీకు" అంది. కళ్లు తుడుచుకోలేదు, తుడుచుకుంటే నేను చూస్తానని.

ఇక మా ఇంటి సంగతి. మా మనవడు ఉపేందర్ ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు. అతని భార్య సంధ్యారాణి ప్రైవేటు బడిలో టీచరు. వాళ్ల కొడుకు రుత్విక్, నా మునిమనవడు, అప్పటికి పద్నాలుగు నెలలు. వాళ్లిద్దరూ ఇంటికి వచ్చేదాకా వాడు నా దగ్గరే.

మా దగ్గర రోజూ మధ్యాహ్నం మూడింటికి బ్లాస్టింగ్. ముందు సైరన్ కూస్తుంది, ఐదు నిమిషాలకు గని పేలుతుంది. అలమారలో గిన్నెలు గలగలమంటాయి. మా వరుసలో పుట్టిన ప్రతి బిడ్డకూ చెవి పరీక్ష అదే. బ్లాస్టింగ్‌కు ఉలికిపడ్డాడా, చెవులు మంచివి. మా అత్త నాకు చెప్పింది, నేను నా కోడళ్లకు చెప్పాను. టీకాలప్పుడు నర్సమ్మ, సప్పుడుకు తిరుగుతడా అని అడిగితే, సంధ్యారాణి నోరు తెరిచేలోపు నేనే చెప్పాను. "తిరుగుడేంది బిడ్డా, బ్లాస్టింగ్‌కు మంచం మీదికెల్లి లేచి కూసుంటడు. సింగరేణి పిలగాడు!" నర్సమ్మ రాసుకుంది.

కాగితం గడువు ఇంకా పది రోజులుందనగా, ఒక బుధవారం గ్లోరియా మా ఇంటికి వచ్చింది. రెండు గంటలకు వచ్చింది. ఛాయ్ తాగింది. రుత్విక్ ముందు కూర్చుని ఆ సంచి విప్పింది. వాడు బంతి పట్టుకున్నాడు, అద్దంలో చూసి నవ్వాడు. తర్వాత ఆమె వాడి వెనక్కి వెళ్లి పప్పు సీసా ఊపింది. వాడు అద్దంలోనే ఉన్నాడు. స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టింది. అద్దంలోనే ఉన్నాడు.

"ఆటల పడ్డడు" అన్నాను నేను.

ఆమె లేవలేదు. ఇంకో ఛాయ్ అడిగింది. సైరన్ కూసింది. అప్పుడు వాణ్ని ఎత్తి భుజాన వేసుకుని, గదిలో మెల్లగా అటూ ఇటూ నడవసాగింది. బ్లాస్టింగ్ అయింది. అలమారలో గిన్నెలు మోగాయి. రుత్విక్ ఆమె చెవి కమ్మతో ఆడుకుంటున్నాడు. రెప్ప కూడా కొట్టలేదు.

ఆమె నా వైపు తిరిగింది.

"అవ్వా, వీనికి వినవడుత లేదు. మంచం ఊగుతె లేస్తున్నడు. నేల అదిరితె లేస్తున్నడు. మా శాంతి గూడ గట్లనే లేస్తుండె. జల్ది దవాఖానల చెవుల పరీక్ష చేపియ్యాలె."

నా ఒళ్లంతా మండింది. ఏమన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది, మరిచిపోతే బాగుండేది.

"నీకు ఏడ పోరగాడు దొరకకపాయెనని నా ఇంటి మీద పడ్డవానే? నీ పట్టా కోసం నా మునిమనవణ్ని చెవిటోణ్ని చేస్తవా? నీ తమ్ముడు మూగోడైతె ఊరందరు మూగోళ్లు గావాల్నా?"

గ్లోరియా రుత్విక్‌ను నా చేతికి ఇచ్చింది. సీసా, గ్లాసు, చెంచా ఒకటొకటే సంచిలో వేసుకుంది. అద్దం వాడి చేతిలోనే వదిలేసింది.

"నా చదువుకు వీని పేరు నాకద్దు అవ్వా. ఒట్టు. సంతకం అడగ. దవాఖానకు మాత్రం పోండ్రి" అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం సంధ్యారాణికి నేను ఏమీ చెప్పలేదు.

మర్నాడు గురువారం. సైరన్ కాగానే వాణ్ని చంకనేసుకుని గది మధ్యలో నిలబడ్డాను. గిన్నెలు మోగాయి. వాడు నా ముక్కుపుడక పట్టుకుని లాగుతున్నాడు. శుక్రవారం మళ్లీ చూశాను. శనివారం వాడి వెనకాల నిలబడి ఇత్తడి చెంబు బండమీద పడేశాను, రెండు చేతులెత్తి తలకంటే పైనుంచి. పక్కింటి కుక్క మొరిగింది. వాడు తల కూడా తిప్పలేదు.

నాకు తెలిసిపోయింది. తెలిసీ నోరు మూసుకున్నాను. వరుస వరుసంతా చెప్పుకున్నాను గదా సింగరేణి పిల్లవాడని. నర్సమ్మకు చెప్పిందీ నేనే. ఇప్పుడు పోయి ఏమని చెప్పను? రేపు చెప్తాననుకుంటూ అన్నం తిన్నాను, రేపు చెప్తాననుకుంటూ పడుకున్నాను.

గోడ అవతల గ్లోరియా రోజురోజుకూ ఆలస్యంగా వచ్చేది. చెప్పులు విప్పకుండానే మెట్ల మీద కూర్చునేది. "దొరికిండా బిడ్డా?" అని సుగుణమణి అడిగేది. "లేదమ్మా." "ప్రార్థన చేస్తున్న." "చెయ్యమ్మా." తర్వాత స్నానాల గదిలో నల్లా తిప్పిన చప్పుడు. బకెట్ నిండి పొర్లిపోతున్నా నల్లా కట్టేది కాదు. తల్లికి వినపడకుండా ఏడవడానికి ఆ నీళ్లు. తల్లికి వినపడలేదేమో గాని, ఆ గోడకు ఇవతల నా మంచం ఉంది. నా ఒళ్లో రుత్విక్ ఉన్నాడు, వాడికి నల్లా చప్పుడు లేదు, ఏడుపు చప్పుడు లేదు.

గడువు శనివారం రానే వచ్చింది. ఒంటిపూట బడి గనుక సంధ్యారాణి ఒంటిగంటకే ఇంటికి వచ్చి అన్నం తిని పిల్లవాణ్ని పడుకోబెడుతోంది. నేను అన్నం సగంలోనే వదిలి చెయ్యి కడుక్కుని పక్కింటికి వెళ్లాను. రెండు దాటింది. సుగుణమణి చర్చి ఊడ్చే వంతని వెళ్లింది. గ్లోరియా ఒక్కతే నేలమీద కూర్చుని ఉంది. ఒళ్లో ఆ కాగితం, పైన ఆమె పేరు తప్ప అంతా ఖాళీ. పక్కన ఫోను. కళ్లు లోపలికి పోయాయి.

"రాసుకో" అన్నాను. "రుత్విక్ పేరు రాసుకో. సంధ్యతోని సంతకం నేను పెట్టిపిస్త. ఐదు గాలేదింక."

ఆమె తలెత్తింది. "పరీక్ష చేపిచ్చిండ్రా?"

"లేదు. నేనే చూసిన. ఎత్తుకొని చూసిన."

"ఎన్నడు?"

"బేస్తారం."

"మొన్న బేస్తారమా?"

"కాదు. నువ్వు వచ్చిన తెల్లారి."

ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"తొమ్మిది దినాలు" అంది. "అవ్వా, వానికి తొమ్మిది దినాలు పోయినయ్."

తనకు పోయాయని అనలేదు. నేను ఆమె పక్కన నేలమీద కూర్చున్నాను. ఇరవై ఏళ్లుగా నా కడుపులో ఉన్నది అప్పుడే బయటికి వచ్చింది.

"శాంతిగానప్పుడు గూడ మీ అమ్మకు నేనే చెప్పిన బిడ్డా. పిలిస్తె పలుకుత లేడు పెద్దమ్మా అని ఏడుసుకుంట వచ్చింది. బ్లాస్టింగ్‌కు లేస్తున్నడు గద, వానికేమైంది, ఫికర్ చెయ్యకు పో అన్న."

"ఎరుకే అవ్వా. అమ్మ ఎప్పుడో చెప్పింది" అంది గ్లోరియా. "అందుకే గద ఆ దినం మీ ఇంట్ల మూడింటిదాక కూసున్న."

కాగితం ఆమె చేతికి తోశాను. "అయితె రాయవే. మీరిద్దరు బాగుపడ్తరు. నీ చదువు దక్కుతది, వానికి నువ్వు దొరుకుతవ్."

"రాయరాదు. చెవుల పరీక్ష కాయిదం లేంది ఇది తీసుకోరు. తీసుకున్నా గూడ నేనియ్య. ఇప్పుడు పోయి సంతకం అడిగితె సంధ్యక్క ఏమనుకుంటది? ఆ దినం నువ్వన్న మాటనే అనుకుంటది. దీని పట్టా కోసం నా కొడుకును చెవిటోణ్ని చేస్తున్నదని దవాఖానకే పోదు. మల్ల నెల పోతది, రెండు నెలలు పోతయ్. మా శాంతికి గట్లనే పోయినయ్."

కాగితాన్ని రెండు మడతలు పెట్టింది. ఇంకో మడత పెట్టింది. సంచిలో పప్పు సీసా కింద దాన్ని తోసింది. సంచి మూతి ముడేసింది.

"నీ చదువో?" అన్నాను.

ఆమె గోడమీది గడియారం చూసింది. నన్ను ఒక్కటే అడిగింది.

"ఇయ్యాల సంధ్యక్క ఇంట్లనే ఉన్నది గద. సైరన్ కాంగనే పిలగాన్ని మంచం మీదికెల్లి లేపి ఆమె చేతికియ్యి. నువ్వెత్తుకోకు. ఆమెనే నిలవడి ఎత్తుకోవాలె, వాని మొఖం దిక్కు చూడాలె. గిన్నెలు మోగినంక నువ్వేం చెప్పకు, ఆమెకే సమజైతది. అప్పుడు చెప్పు, తప్పు నాదని. నర్సమ్మకు నేను తప్పు చెప్పిన, తొమ్మిది దినాలు దాసిన అని నీ నోటితోని చెప్పు. సోమవారం దవాఖానకు నువ్వు గూడ పో, ఆడ గూడ చెప్పు. నా పేరు మాత్రం తియ్యకు. వాని చెవులకు మిషన్ పెట్టేదాక మీ ఇంట్ల నా పేరు వినవడొద్దు. పో అవ్వా, సైరన్‌కు అరగంట గూడ లేదు."